తడి బలం

మిల్లు ల్యాబులో ఇరవయ్యేడేళ్ళు
నేను చేసిన పని ఒక్కటే:
కాగితాన్ని తడిపి తెంపడం.

వేలెడు వెడల్పు పట్టీ,
రెండు దవడల మధ్య బిగించి
ముల్లు ఎక్కడ ఆగిందో రాసుకోవడం.
పొడి కాగితం పంతం పడుతుంది.
తడిశాక దాని పంతంలో పదో వంతు మిగిలితే గొప్ప.
ఆ పదో వంతు దగ్గరే నా జీతం, నా నిద్ర, నా కళ్ళజోడు.
అది సగం కాగితం సొత్తు,
సగం నీళ్ళది.

ఎండల్లో కాలవలు కట్టేస్తే మిల్లుకి బోరు నీళ్ళు.
గిన్నె అడుగున తెల్లగా పెచ్చు కట్టే నీళ్ళు.
సున్నానికి రెండు చేతులుంటాయి,
ఒక్కో చేత్తో ఒక్కో పీచుని పట్టుకుంటుంది.
ఉప్పుకి ఒకటే చెయ్యి.
వాన నీటికి అదీ లేదు,
పీచులోకి దూరి, ఉబ్బించి, మెల్లగా విడదీస్తుంది,
ఎవరి మీదా కోపం లేకుండానే.
పటిక ఎక్కువైతే ఆ పూటకి గట్టిగానే ఉంటుంది గానీ
పదేళ్ళకి చేతిలో పొడుమవుతుంది.

రిటైరై లంకకి వచ్చేశాక
ఇవన్నీ ఎవరికి పనికొస్తాయనుకున్నాను.

ఆ ఏడు వైనతేయ గట్టు దాటింది.
మూడు రోజులు మంచాలు తేలాయి.
నాలుగోనాడు నా అరుగు మీద
బళ్ళ పుల్లేశు పాస్‌బుక్కు,
కొప్పాడి వారి పిల్ల టెన్త్ మార్కుల లిస్టు,
చర్చి వాళ్ళ బాప్తిస్మాల రిజిస్టరు,
బురద వాసనతో అట్టల్లా అంటుకుపోయి.

లాగకండి, అన్నాను. కింద పాత పంచె గుడ్డ పరవండి.
బోరు నీళ్ళలో కడగండి, వాన నీళ్ళు ముట్టకండి.
"ఆ నీళ్ళలో పప్పే ఉడకదు గదండీ!" అని నవ్వారు.
అందుకే, అన్నాను.
పప్పుని విడనివ్వని నీళ్ళే
కాగితాన్నీ విడనివ్వవు.

అందరూ వెళ్ళాక వచ్చింది రేవు అచ్చియ్యమ్మ,
చేపలమ్మే బుట్టలో తమలపాకుల డబ్బా,
డబ్బాలో నాలుగు మడతల ప్రాంసరీ నోటు.
అరవై వేలు. నూటికి మూడు.
"తీరిపోయిందండి. పదకొండేళ్ళు పట్టింది.
మొన్న శ్రావణంలో నోటు నా చేతికిచ్చేశాడు."

ఇంకేం, చింపెయ్యి.
"చింపితే రెండు ముక్కలవుద్దండి.
ముక్కలతికించి మళ్ళీ లెక్కేసే మనిషండి ఆయన."
ఏట్లో పడెయ్యి.
"పోటుకి తిరిగొత్తాదండి."
కాల్చెయ్యి.
"మునిగిన కొంపలో తడవని అగ్గిపుల్ల ఏదండి?"
గొంతు తగ్గించి అడిగింది:
"అసలా కాగితమన్నదే లేకుండా పోవాలంటే
ఏ నీళ్ళండి?"

నా సర్వీసులో ఎవరూ అడగని ప్రశ్న.
నన్నెప్పుడూ నిలబెట్టమనే అడిగారు.

రేకుల చూరు కింద పట్టిన వాన నీళ్ళు,
చిటికెడు చాకలి సోడా, మజ్జిగ కవ్వం.
ముందు రెవెన్యూ స్టాంపు ఊడి తేలింది,
చిన్న పడవలా, ఎటెళ్ళాలో తెలియనట్టు.
తర్వాత అంకెలు నీలంగా కదిలాయి.
తర్వాత "మీరు కోరినప్పుడు చెల్లించగలదానను" అన్న వరస
మధ్యలో తెగింది.
కవ్వం తిప్పుతూనే ఉంది అచ్చియ్యమ్మ,
చేపల పొలుసు అంటిన చేతులతో, తొందరేం లేకుండా.
బకెట్టులో పల్చటి గంజి మిగిలింది.

గంజిలో ఒక ముక్క మాత్రం కరగలేదు,
రూపాయి బిళ్ళంత.
నూనె సిరా ఉన్న చోట నీళ్ళు దూరలేదో,
ఇంకేదన్నానో, నాకు తెలీదు.
నా రికార్డు పుస్తకంలో దానికి గడి లేదు.

అరచేతిలో వేసుకుని చూసింది.
గీతలు గీతలుగా బొటనవేలు.
ఇంకాస్త సోడా వేద్దామా, అన్నాను.

"వద్దండి. ఇది నాదండి," అని
డబ్బాలో పెట్టుకుంది.
గంజి తీసుకెళ్ళి
నా వంగ మొక్క మొదట్లో పోసి వెళ్ళింది.